40 సైజు ట్రైనర్‌కు ఏ ఇంజిన్, ఏ మార్పులు: కొలతలతో సహా

రేడియో కంట్రోల్ విమానం మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందు ఇంజిన్ కొని, తర్వాత దానికి తగ్గ విమానం వెతుకుతారు. ఆ వరుస తలకిందులు. విమానాన్ని లాగేది ప్రొపెల్లర్. ఆ ప్రాప్‌ను కావలసిన వేగంతో, మధ్యలో ఆగకుండా తిప్పడమే ఇంజిన్ పని. అందుకని ముందు విమానం బరువు, రెక్క వైశాల్యం చూడాలి. వాటిని బట్టి ప్రాప్‌ను, ప్రాప్‌ను బట్టి ఇంజిన్‌ను ఎంచుకోవాలి.

ఇక్కడి లెక్కలన్నీ 40 సైజు హైవింగ్ ట్రైనర్‌ను (రెక్క పైభాగాన ఉండే, నేర్చుకునేవాళ్ల విమానం) దృష్టిలో పెట్టుకుని వేసినవి. అంటే రెక్కల పొడవు 150–160 సెం.మీ., రెక్క వైశాల్యం సుమారు 45 చదరపు డెసిమీటర్లు, ఇంధనం లేకుండా బరువు 2.3 నుంచి 2.6 కిలోలు. 40 అంటే ఇంజిన్ సిలిండర్ పరిమాణం 0.40 ఘనపు అంగుళాలు, మన సీసీల్లో దాదాపు 6.5. అలాగే 46 అంటే 7.5 సీసీ.

ముందు ప్రాప్ లెక్క

2.5 కిలోల బరువున్న ఈ రెక్క స్టాల్ అయ్యేది, అంటే వేగం చాలక విమానాన్ని మోయలేకపోయేది, గంటకు సుమారు 31–32 కి.మీ. దగ్గర. పిచ్ అంటే ప్రాప్ ఒక చుట్టుకు లెక్క ప్రకారం ముందుకు సాగే దూరం. ప్రాప్ పిచ్ వేగం దీనికి కనీసం రెండున్నర రెట్లు, అంటే 80 కి.మీ. ఉంటే ట్రైనర్ హాయిగా ఎగురుతుంది. పిచ్ వేగం లెక్కగట్టడం తేలిక: ఆర్‌పీఎంను (నిమిషానికి చుట్లు) అంగుళాల్లోని పిచ్‌తో గుణించి, వచ్చినదాన్ని 0.001524తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. 11×6 ప్రాప్ (వ్యాసం 11, పిచ్ 6 అంగుళాలు) 11,500 ఆర్‌పీఎం తిరిగితే 105 కి.మీ. అవసరానికి మించే ఉంది.

10×8 వేస్తే వేగం ఇంకా పెరుగుతుంది కదా అనిపిస్తుంది. పెరుగుతుంది, కానీ టేకాఫ్ పరుగు సాగుతుంది, ఎక్కుడు మందగిస్తుంది, దిగేటప్పుడు ఐడిల్‌లో (ఇంజిన్ అతి తక్కువ వేగం) కూడా విమానం తేలుతూ రన్‌వే దాటిపోతుంది. నేర్చుకునేవాళ్లకు 11×5, చేయి కుదిరాక 11×6. 40 ఇంజిన్ అయితే 10×6.

వ్యాసం ఒక అంగుళం పెంచినప్పుడు పిచ్ ఒక అంగుళం తగ్గించాలన్నది పాత సూత్రమే అయినా పనికొస్తుంది. ప్రాప్ తినే శక్తి వ్యాసానికి సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 11 నుంచి 12కు వెళ్తే, అదే పిచ్‌తో అదే ఆర్‌పీఎంకు 40 శాతం పైగా అదనపు భారం ఇంజిన్ మీద పడుతుంది. అంత భారం మోయలేని ఇంజిన్ వేడెక్కి ఆగిపోతుంది.

ప్రాప్ కొన నేలకు ఎంత దూరంలో ఉందో ఇప్పుడే కొలవండి. విమానం సమంగా నిలబడినప్పుడు సిమెంటు రన్‌వేకు 25 మి.మీ., గడ్డి నేలకు 40–50 మి.మీ. ఉండాలి. తక్కువైతే చక్రాలు పెద్దవి వేయాలి, లేదా ల్యాండింగ్ గేర్ తీగను పొడవు పెంచాలి. పెద్ద ప్రాప్ తిప్పే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ మీద మనసున్నవాళ్లు ఈ కొలత చూశాకే డబ్బు ఖర్చు పెట్టాలి.

ఇక ఇంజిన్

ఈ విమానానికి సూటి జవాబు: బాల్ బేరింగ్ ఉన్న 46 టూ స్ట్రోక్ గ్లో ఇంజిన్ (మిథనాల్ ఇంధనాన్ని ప్లగ్‌లోని వేడి తీగతో మండించేది). ఓ.ఎస్. 46 ఏఎక్స్ 2 లాంటిది 7.45 సీసీ, 16,000 ఆర్‌పీఎం దగ్గర 1.65 హార్స్‌పవర్ అని కేటలాగ్‌లో ఉంటుంది. ఆ 16,000ను మీరు ఎప్పటికీ చూడరు. 11×6తో నేల మీద 11,500–12,500 వస్తుంది, అక్కడ దొరికే శక్తి అంతకంటే తక్కువ. కేటలాగ్ హార్స్‌పవర్‌ను పక్కపక్కన పెట్టి ఇంజిన్లు పోల్చడం దండగ. ఒకే ప్రాప్‌తో రెండూ ఎంత ఆర్‌పీఎం తిప్పుతున్నాయో చూడాలి.

బుష్ బేరింగ్ (గుండ్లు లేకుండా లోహపు గొట్టంలోనే షాఫ్ట్ తిరిగేది) 40 ఇంజిన్లు చవక, తేలిక. నిదానంగా ఎగిరే పెద్ద రెక్కల ట్రైనర్‌కు అవే చాలు. సిగ్ కాడెట్ ఎల్‌టీ-40 రెక్కల పొడవు 178 సెం.మీ., వైశాల్యం 58 చదరపు డెసిమీటర్లు. అలాంటి విమానం 40తో కూడా తీరిగ్గా లేస్తుంది. బుష్‌లకు తుప్పు బెడద కూడా తక్కువ. బాల్ బేరింగ్‌లు మాత్రం లోపల మిగిలిన మిథనాల్ తేమకు తుప్పుపడతాయి.

పిస్టన్ రకం తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే మొదటి పరుగు, అంటే కొత్త ఇంజిన్‌ను తొలిసారి నడిపే తీరు, దాన్నిబట్టే ఉంటుంది. ఏబీసీ, ఏబీఎల్ రకాల్లో (అల్యూమినియం పిస్టన్, పూత వేసిన ఇత్తడి సిలిండర్) పిస్టన్‌కు రింగు ఉండదు. సిలిండర్ పైభాగం లోపల కొంచెం ఇరుకుగా ఉండి, చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకి వచ్చేసరికి బిగుసుకుంటుంది. అది లోపం కాదు. రింగు ఉన్నవి అలా పట్టుకోవు.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ చూస్తున్నట్టయితే ప్లగ్ తీసి షాఫ్ట్ తిప్పండి: గరగర శబ్దం, ఇసుక పట్టినట్టు తగులుడు ఉంటే బేరింగ్‌లు పోయినట్టే. ప్లగ్ బిగించి నెమ్మదిగా తిప్పండి: ఏబీసీ ఇంజిన్ పైన ఏమాత్రం బిగుసుకోకుండా జారిపోతుంటే సిలిండర్ అరిగింది. బేరింగ్‌లు తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు. పిస్టన్, సిలిండర్ జత ధర చాలాసార్లు ఇంజిన్ ధరలో సగం దాకా వెళ్తుంది, కాబట్టి అరిగినదాన్ని వదిలేయడమే మేలు.

ఫోర్ స్ట్రోక్ కావాలంటే 56 నుంచి 62 మధ్య చూడండి. సీసీకి వచ్చే శక్తి తక్కువ కాబట్టి సైజు పెంచాలి. 12×6 ప్రాప్‌ను నిదానంగా తిప్పుతుంది, శబ్దం మృదువు, ఇంధనం తక్కువ తాగుతుంది. ఖరీదు ఎక్కువ. వాల్వ్ గ్యాప్ ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో చూడాలి, చాలావాటికి 0.04–0.1 మి.మీ.

20 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఈ విమానానికి వద్దు. ఇంజిన్, మఫ్లర్, ఇగ్నిషన్ యూనిట్, దాని బ్యాటరీ కలిస్తే కిలోకు దగ్గర పడుతుంది. 46 మఫ్లర్‌తో కలిపి సుమారు 490 గ్రాములే. 4–5 కిలోల విమానం కట్టినప్పుడు దాని సంగతి చూడొచ్చు.

ఎండ, ఎత్తు సంగతి

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి సాంద్రత ప్రామాణిక గాలి కంటే 14 శాతం దాకా తక్కువ. ఇంజిన్ శక్తి దాదాపు అంత మేరా పడిపోతుంది, రెక్క కూడా కాస్త ఎక్కువ వేగం అడుగుతుంది. అందుకే విజయవాడలో జనవరి ఉదయం కుదిర్చిన నీడిల్ (ఇంధనం ఎంత పోవాలో నిర్ణయించే స్క్రూ) సెట్టింగ్ హైదరాబాద్ ఎండాకాలంలో రిచ్ (ఇంధనం ఎక్కువ) అవుతుంది. దాన్ని చూసి నీడిల్‌ను గట్టిగా మూస్తే వేడికి ఇంజిన్ కుంగుతుంది. నీడిల్ మూసేది రెండు మూడు క్లిక్‌లే, అది కూడా ముక్కు పైకెత్తి పరీక్షించాకే. బరువైన విమానమైతే 55 వేసుకోవచ్చు. చాలా 55లు 46 బిగింపు కొలతల్లోనే వస్తాయి.

బిగింపు

1. ఫైర్‌వాల్ (ఇంజిన్ బిగించే ముందు గోడ) కనీసం 6 మి.మీ. ప్లైవుడ్ ఉండాలి. ముందే కట్టి వచ్చిన విమానాల్లో జిగురు సన్నగా ఉంటుంది. లోపలి మూలల్లో 30 నిమిషాల ఎపాక్సీ పూసి, త్రికోణపు బాల్సా ముక్కలు అతికించండి. ఐదు నిమిషాల ఎపాక్సీ ఇక్కడ వద్దు, ఇంజిన్ అదురుకు పెళుసెక్కి వదులుతుంది.

2. ఫైర్‌వాల్ ముందువైపు, ట్యాంక్ గది లోపల, రంధ్రాల అంచుల మీద సన్నని ఎపాక్సీ పూత వేయండి. ఇది లేకపోతే ఆముదం, మిథనాల్ కలిసి చెక్కలోకి ఇంకుతాయి. నూనె పీల్చిన చెక్కకు తర్వాత ఏ జిగురూ అంటదు.

3. గ్లాస్ ఫైబర్ కలిపిన నైలాన్ మౌంట్ వాడండి. ఫైర్‌వాల్ వెనక ఎం4 టీ-నట్లు, ముందు నుంచి అలెన్ స్క్రూలు. ఇంజిన్ చెవుల కింద మౌంట్‌లో 3.3 మి.మీ. డ్రిల్‌తో రంధ్రం వేసి ఎం4 ట్యాప్ తిప్పాలి. ఫైర్‌వాల్ నుంచి ప్రాప్ వాషర్ దాకా దూరం మాన్యువల్‌లో ఇచ్చినంతే ఉంచండి. దాన్ని మారిస్తే సీజీ (గురుత్వ కేంద్రం) మారుతుంది.

4. థ్రస్ట్ లైన్ (ప్రాప్ లాగే దిశ). ట్రైనర్‌కు సాధారణంగా 2 డిగ్రీలు కుడికి, 2–3 డిగ్రీలు కిందికి. మౌంట్ స్క్రూల మధ్య దూరం 45 మి.మీ. అయితే, ఒక వైపు 1 మి.మీ. వాషర్ వేస్తే దాదాపు 1.3 డిగ్రీల వంపు వస్తుంది. కుడికి తిప్పాలంటే పైలట్ వైపు నుంచి చూసి ఎడమ స్క్రూల కింద వాషర్లు. కిందికి వంచాలంటే పై స్క్రూల కింద. 110 మి.మీ. పొడవున 2 డిగ్రీలు తిరిగితే ప్రాప్ మధ్యభాగం సుమారు 4 మి.మీ. కుడికి జరుగుతుంది, కాబట్టి మౌంట్‌ను అంత ఎడమకు జరిపి బిగించాలి. స్పిన్నర్ (ప్రాప్ మధ్యలోని శంకువు) కౌల్ (ఇంజిన్ మీది తొడుగు) మధ్యకు రాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఇంధనం గదిలో చిన్న లీకైనా రిసీవర్ మీదకు పోకుండా, రిసీవర్‌ను స్పాంజిలో చుట్టి వేరే గదిలో పెట్టండి.

ట్యాంక్: అసలు గొడవలన్నీ ఇక్కడే

ఇంజిన్ ఆగిపోతోందని బాగుచేయించుకోవడానికి తెచ్చేవాటిలో చాలావాటికి ఇంజిన్‌లో ఏ లోపమూ ఉండదు. లోపం ట్యాంక్‌లోనో, గొట్టంలోనో ఉంటుంది.

46కు 300–350 మి.లీ. ట్యాంక్ చాలు, థ్రాటిల్ మార్చుకుంటూ ఎగిరితే 12–15 నిమిషాలు వస్తుంది. ట్యాంక్ నడిమి గీత కార్బ్యురేటర్ స్ప్రేబార్ (ఇంధనం చిమ్మే గొట్టం) ఎత్తులోనో, 6–10 మి.మీ. కిందనో ఉండాలి. ఎక్కువ పైన ఉంటే నిండు ట్యాంక్‌తో రిచ్, ఖాళీ అయ్యేకొద్దీ లీన్ (ఇంధనం తక్కువ). ఎక్కువ కింద ఉంటే ముక్కు ఎత్తగానే ఇంజిన్ ఆకలితో ఆగుతుంది.

లోపలి క్లంక్ బరువు (ఇంధనం పీల్చే మెత్తని గొట్టం చివర ఉండేది) ట్యాంక్ వెనక గోడకు 5–6 మి.మీ. దూరంలో స్వేచ్ఛగా ఊగాలి. గోడకు తగిలితే అతుక్కుపోతుంది. ట్యాంక్‌ను తలకిందులు చేసి ఆడిస్తే టకటక శబ్దం రావాలి. మొరటుగా దిగినప్పుడు క్లంక్ ముందుకు ఎగిరి గొట్టం మడతపడి అక్కడే ఇరుక్కుంటుంది. ఆ తర్వాత నేల మీద ఇంజిన్ బంగారంలా నడుస్తుంది, గాల్లో ముక్కు ఎత్తగానే చచ్చిపోతుంది. గట్టిగా దిగిన ప్రతిసారీ ఇది చూడాలి.

రెండో గొట్టం మఫ్లర్ నుంచి వచ్చే ఒత్తిడికి. ట్యాంక్ లోపల పైభాగానికి వంచాలి. మూడో గొట్టం ఇంధనం నింపడానికి పెట్టుకోవచ్చు. లీకయ్యే చోట్లు పెరుగుతాయి కాబట్టి రెండింటితో సరిపెట్టుకోవడమే మంచిది. ట్యాంక్‌ను మెత్తని స్పాంజిలో చుట్టండి. ఫ్రేమ్‌కు నేరుగా తగిలితే అదురుకు ఇంధనం నురగ కడుతుంది. గ్లో ఇంధనానికి సిలికాన్ గొట్టం. పెట్రోల్‌కు సిలికాన్ వాడకూడదు, ఉబ్బి వదులైపోతుంది.

బిగించే ముందు ట్యాంక్‌ను నీళ్లలో ముంచి ఒక గొట్టం మూసి, రెండోదాంట్లో ఊదండి. బుడగ వస్తే మూత దగ్గర లీక్.

ఇంధనం

మిథనాల్ 80 పాళ్లు, ఆముదం 20 పాళ్లు కలిపితే నైట్రో లేని ఇంధనం సిద్ధం. నైట్రోమీథేన్ దొరకనిచోట 46 దీనితోనే చక్కగా నడుస్తుంది. ఐడిల్ కొంచెం మొరటుగా ఉంటుంది, అందుకని ప్లగ్ వేడి రకం ఎంచుకోవాలి. 5–10 శాతం నైట్రో ఉంటే స్టార్టింగ్, ఐడిల్ మెరుగు. 15 దాటి ట్రైనర్‌కు పోయడం డబ్బు తగలేయడమే.

ఆముదం శుద్ధి చేసి జిగురు తీసినది కావాలి. ఊళ్లలో గింజలు దంచి నీళ్లలో వండి తీసే ఆముదంలో తేమ, జిగురు మిగులుతాయి; కళ్లకు, జుట్టుకు సరే గానీ ఇంజిన్‌కు పనికిరాదు.

మిథనాల్ విషం. కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, ప్రాణం పోవచ్చు. చర్మం నుంచీ లోపలికి పోతుంది, కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి. పగటి వెలుగులో దాని మంట కనపడదు. మంచినీళ్ల సీసాలో ఎప్పుడూ పోయవద్దు; డబ్బా మీద పెద్దక్షరాలతో విషం అని రాయండి. తేమను పీల్చుకుంటుంది కాబట్టి మూత గట్టిగా ఉండాలి.

మొదటి పరుగు, నీడిల్

ఏబీసీ ఇంజిన్ చల్లగా ఉండి పైన బిగుసుకుంటే హెయిర్ డ్రయ్యర్‌తో సిలిండర్‌ను వేడిచేశాక తిప్పండి. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ మీద భారం. నీడిల్‌ను మాన్యువల్ చెప్పినంత, సాధారణంగా రెండు–రెండున్నర చుట్లు తెరవండి. స్టార్ట్ అయ్యాక పూర్తి థ్రాటిల్ ఇచ్చి, మోత కాసేపు బండగా, కాసేపు సన్నగా మారుతుండే చోట నీడిల్ ఉంచాలి. ఒకటి రెండు నిమిషాలు నడిపి చల్లారనివ్వండి. రెండు ట్యాంకులు ఇలా అయ్యాక కాస్త రిచ్‌గానే ఎగరేయొచ్చు. ఏబీసీని బాగా రిచ్‌లో, చల్లగా గంటలకొద్దీ నడపడం తప్పు. సిలిండర్ వేడెక్కి విప్పారకపోతే పిస్టన్ పైభాగం అరుగుతుంది. రింగు ఉన్న ఇంజిన్‌కు మాత్రం మొదట బాగా రిచ్ అవసరం.

సెట్టింగ్ ఇలా చేయాలి. విమానాన్ని ఎవరైనా గట్టిగా పట్టుకోవాలి. మీరు ప్రాప్ వెనక ఉండాలి. పూర్తి థ్రాటిల్‌లో నీడిల్‌ను క్లిక్ క్లిక్‌గా మూస్తూ అత్యధిక ఆర్‌పీఎం చేరాక, 200–300 తగ్గేదాకా మళ్లీ తెరవండి. ఇప్పుడు ముక్కు నిటారుగా పది సెకన్లు ఎత్తి పట్టుకోండి. ఆర్‌పీఎం అలాగే ఉండాలి, లేదా కొంచెం పెరగాలి. నీరసిస్తే రెండు క్లిక్‌లు తెరవండి.

తర్వాత ఐడిల్, 2,500–2,800. కార్బ్యురేటర్ దగ్గర గొట్టాన్ని నొక్కండి. వెంటనే ఆగితే ఐడిల్ లీన్. చాలాసేపు వేగం పెరుగుతూ పోయి ఆగితే రిచ్. కొద్దిగా వేగం పెరిగి రెండు మూడు సెకన్లకు ఆగితే సరిగ్గా ఉంది. ఐడిల్ స్క్రూ ఎనిమిదో వంతు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పొద్దు. ఇంజిన్ తొలిసారి వేడెక్కి చల్లారాక మఫ్లర్, ప్రాప్ నట్టు మళ్లీ బిగించాలి.

ఏ మార్పులు లాభం, ఏవి దండగ

ట్యూన్డ్ పైప్ (అధిక ఆర్‌పీఎంలో శక్తి పెంచే ఎగ్జాస్ట్ గొట్టం) ట్రైనర్‌కు దండగ. 11×6ను 12,000 దగ్గర తిప్పే ఇంజిన్‌కు దాని లాభం అందదు. సిలిండర్ పోర్టులు రాపిడి చేసి పెద్దవి చేయడం కూడా అంతే, ఒక్కసారి పాడైతే వెనక్కి రాదు.

లాభమున్నవి చిన్నవి. మఫ్లర్ చివర సిలికాన్ డిఫ్లెక్టర్ వేస్తే నూనె విమానం మీద పడదు. నీడిల్ ప్రాప్‌కు దగ్గరగా ఉంటే 2 మి.మీ. తీగతో పొడిగించండి, వేళ్లు మిగులుతాయి. కౌల్ ఉన్న విమానంలో గాలి బయటకు పోయే రంధ్రం లోపలికి వచ్చేదానికి రెండు, రెండున్నర రెట్లు ఉండాలి. ముందు రంధ్రం పెద్దదిగా చేసి వెనక మూసేస్తే గాలి లోపలే నిలిచి ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది.

ఫోర్ స్ట్రోక్‌కు మారితే సీజీ లెక్క తప్పదు. ఇంజిన్ 110 గ్రాములు ఎక్కువై, సీజీకి 30 సెం.మీ. ముందు ఉంటే 3,300 గ్రాము-సెం.మీ. ముందుకు తూగుతుంది. 100 గ్రాముల రిసీవర్ బ్యాటరీని 33 సెం.మీ. వెనక్కి జరిపితే సరిపోతుంది. తోకలో సీసం పెట్టేముందు ఇది చేయండి. ట్యాంక్ ఖాళీగా ఉన్నప్పుడే తూచాలి. సీజీ రెక్క వెడల్పులో 25–33 శాతం మధ్య, మాన్యువల్ చెప్పిన చోట.

సగం థ్రాటిల్‌లో సమంగా ఎగిరేలా ట్రిమ్ చేసి, పూర్తిగా తెరవండి. ముక్కు ఒక్కసారిగా పైకి లేస్తే ముందు సీజీ చూడండి. ముక్కు బరువైన విమానానికి ఎలివేటర్ ట్రిమ్ పైకి పెట్టినా ఇదే జరుగుతుంది. సీజీ సరిగ్గా ఉంటేనే డౌన్ థ్రస్ట్ (ఇంజిన్ కిందికి వంపు) ఒక డిగ్రీ పెంచాలి.

ఎలక్ట్రిక్‌కు మార్చితే

మిథనాల్ దొరకనివాళ్లకు ఇదే దారి. బరువులో తేడా పెద్దగా రాదు: 46, మఫ్లర్, నిండు ట్యాంక్ కలిసి సుమారు 830 గ్రాములు, 290 గ్రాముల మోటార్, ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించేది), 4ఎస్ (నాలుగు సెల్‌ల) 4000 ఎంఏహెచ్ బ్యాటరీ కలిపి 800 లోపు.

ట్రైనర్‌కు కిలోకు 200–250 వాట్లు చాలు, అంటే 500–650. 46 ఊపు కావాలంటే 900. 500–650 వాట్లకు 650–700 కేవీ (వోల్టుకు ఆర్‌పీఎం) మోటార్, 4ఎస్, 60 ఆంపియర్ల ఈఎస్‌సీ, 12×6 లేదా 13×6.5 ఎలక్ట్రిక్ ప్రాప్. తొలిసారి తప్పకుండా వాట్‌మీటర్ మధ్యలో పెట్టి పూర్తి థ్రాటిల్ పది సెకన్లు ఇచ్చి ఆంపియర్లు చూడండి. మోటార్ పరిమితిలో 80–85 శాతం దాటితే ప్రాప్ తగ్గించాలి. సర్వోలకు (ఎలివేటర్ లాంటివాటిని కదిపే చిన్న మోటార్లు) 5 ఆంపియర్ల విడి బీఈసీ (వాటికి సరైన వోల్టేజీ ఇచ్చేది) పెట్టడం క్షేమం.

మోటార్‌ను గ్లో ఇంజిన్ ప్రాప్ వాషర్ ఉన్నచోటికి తెచ్చేలా అల్యూమినియం స్టాండాఫ్‌లు వేయండి, వాషర్లతో అదే థ్రస్ట్ కోణం. ట్యాంక్ గది పైన మూత కోసి బ్యాటరీకి దారి చేయాలి, లేకపోతే ప్రతిసారీ రెక్క విప్పాలి. గాలి వెనక నుంచి పోవడానికి రంధ్రం మరవొద్దు. సగటున 20 ఆంపియర్లు తీసుకుంటే 80 శాతం వాడకానికి తొమ్మిదిన్నర నిమిషాలు. టైమర్ ఏడుకు పెట్టుకోండి. ఎండాకాలం కారులో లైపో బ్యాటరీ వదలకూడదు, వారానికి మించి ఉంచాలంటే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర నిల్వ చేయాలి.

గాల్లో ఆగిపోతే

గ్లో ఇంజిన్ అయితే ఈ వరుసలో చూడండి: ప్లగ్, మఫ్లర్ ఒత్తిడి గొట్టం, ఇంధన గొట్టంలో బుడగలు, క్లంక్, కార్బ్యురేటర్ ఓ-రింగ్, చివరికి నీడిల్. ఇగ్నైటర్ (స్టార్ట్ చేసేటప్పుడు ప్లగ్‌ను వేడిచేసే బ్యాటరీ) తీయగానే ఆర్‌పీఎం పడిపోతే ప్లగ్ పాతది, లేదా ఐడిల్ రిచ్. ప్లగ్ తీగ మీద తెల్లని అల్యూమినియం పొట్టు ఉంటే ఇంజిన్ లీన్‌గా వేడెక్కింది, లేదా లోపల ఏదో రాసుకుంటోంది. వెనక కవర్ తీసి చూడాలి. కార్బ్యురేటర్ మెడ చుట్టూ రెండు చుక్కల ఇంధనం వేసి, ఇంజిన్ మోత మారితే అక్కడ గాలి లీక్.

రోజు ముగిశాక ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజిన్‌ను మిగిలిన ఇంధనం అయిపోయేదాకా నడిపి, కార్బ్యురేటర్‌లో ఆఫ్టర్-రన్ ఆయిల్ నాలుగైదు చుక్కలు వేసి స్టార్టర్‌తో తిప్పండి. వారాల తర్వాత ఆముదం గట్టిపడి షాఫ్ట్ కదలకపోతే బలం వాడొద్దు, హెయిర్ డ్రయ్యర్ ఐదు నిమిషాలు పట్టండి.